పదిహేను అడుగుల శీలావతి

మా అమ్మకు ఫొటో లేదు. ఈ కాలంలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. పెళ్లి ఫొటోకు చెద పట్టింది. ఇంటిల్లిపాదీ స్టూడియోకు వెళ్లి తీయించుకున్న ఒకే ఒక గ్రూపు ఫొటోలో, సరిగ్గా ఆ క్షణానికే అమ్మ తల పక్కకు తిప్పేసింది. అందరి మొహాలూ స్పష్టంగా ఉంటాయి, ఆవిడ ఉన్నచోట మాత్రం వేలితో చెరిపినట్టు ఒక మసక. పాత రేషన్ కార్డులో బొటనవేలంత తల ఉండేది గాని, దాని మీద ఆఫీసు ముద్ర పడింది. ఆవిడ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆ మొహం మళ్లీ చూడాలంటే నాకు మిగిలిన దారి ఒక్కటే. మండవల్లి దగ్గర, చేపల చెరువుల గేటు పక్కన, రోడ్డుకేసి తిరిగి నిలబడ్డ పదిహేను అడుగుల సిమెంటు బొమ్మ. దాన్ని చేసింది మా నాన్నగారు.

ఆయన వృత్తే అది. తాడేపల్లిగూడెంలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని నలభై ఏళ్లు సిమెంటు బొమ్మలు చేశారు. ఇనుప చువ్వలు వంచి ఆకారం కట్టడం, దాని చుట్టూ జాలీ చుట్టడం, పైన సిమెంటు మెత్తి ముందు తాపీతో, ఆఖరికి చేతివేళ్లతో మొహం తేవడం. అమ్మ ఇసుక జల్లించి పెట్టేది. వంటపనీ పిల్లల పనీ అయ్యాక ఆవిడకు దొరికే తీరిక ఆ ఇనుప జల్లెడ ముందే గడిచేది. బొమ్మ చూసి అందరూ నాన్నగారిని మెచ్చుకునేవారు గాని, మెత్తటి ఇసుక లేందే నున్నటి బుగ్గ రాదని ఎవరికీ తోచేది కాదు. నాకూ చాలా ఏళ్లు తోచలేదు.

ఇప్పుడు నాన్నగారికి ఎనభై దాటాయి. నా దగ్గరే, ఏలూరును ఆనుకుని ఉన్న వట్లూరులో ఉంటున్నారు. కళ్లకు నీటికాసులు. చుట్టుపక్కల చూపంతా పోయి మధ్యలో ఒక గుండ్రటి ముక్క మిగిలింది. చేటంత ఉన్నది ఏడాది తిరిగేసరికి అప్పడమంత అయింది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవడమేననీ, అది కూడా ఎన్నాళ్లో చెప్పలేమనీ డాక్టరుగారు అన్నారు. మూడు సీసాలు. ఒకటి వేశాక కాసేపు ఆగి రెండోది, మళ్లీ ఆగి మూడోది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నా రోజంతా ఆ సీసాల చుట్టూ తిరుగుతుంది.

'ఒకసారి శీలావతిని చూసొద్దామమ్మా' అని ఆయన అడగడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. శీలావతి అంటే ఆ బొమ్మే. ఆ పేరు వెనక ఒక పొరపాటు ఉంది, చెబుతాను. ప్రతిసారీ వచ్చే ఆదివారం అన్నాను. నేను బడిలో లెక్కల టీచరును. ఆదివారం నాకు సెలవు కాదు, వారమంతా వాయిదా వేసిన పనులకు గడువు. నాకు మొదట్నుంచీ ఓపిక తక్కువ. ఈ మధ్య ఆ ఉన్న కాస్తా అడుగంటింది. అయినా వెళ్లాలనే నాకూ ఉంది. చూపు పోయేలోగా ఆయన దాన్ని ఆఖరుసారి చూసుకోవాలి, నేను అమ్మ మొహాన్ని దగ్గర నుంచి ఫొటో తీసుకోవాలి. పదేళ్లుగా నేనటు వెళ్లలేదు. అంతకు ముందు ఎప్పుడు చూసినా పోయే బస్సులోంచి, వాలుగా చూసిందే. ఇంత దగ్గర్లో ఉన్నదానికి తొందరేముందిలే అనుకునేదాన్ని.

మా అమ్మాయి ఇంటి పక్కనున్న కాలేజీలోనే ఇంజినీరింగు చదువుతోంది. తాతయ్య కోరిక దాని చెవిన పడేసరికి అదికాస్తా రోడ్ ట్రిప్ అయి కూర్చుంది. కైకలూరు రోడ్డెక్కితే గంటన్నరలో తేలిపోయే పనికి, ముందు గూడెం వెళ్లి, అక్కణ్నుంచి భీమవరం, ఆకివీడు, కైకలూరు మీదుగా మండవల్లి చేరి, కొల్లేటి మధ్య రోడ్డు మీద తిరిగి రావాలని తేల్చింది. దారి పొడుగునా ఉన్న పెద్ద పెద్ద బొమ్మల చిట్టా ఫోన్లో రాసుకుంది. పెద్ద బొమ్మ కనబడితే ఆగాలి, దాని పాదాల దగ్గర చీమల్లా నిలబడి ఫొటో దిగాలి. అదీ దాని రూలు.

'తాతయ్య చేసినవి, చేయనివి అన్నీ చూద్దాం. తాతయ్య మార్కులు వేస్తారు' అంది.

'నేను వేయాల్సిన మార్కులు రెండు కట్టలున్నాయే' అన్నాను. ఆ కట్టలు కూడా కారులో పెట్టుకున్నాను. దారిలో దిద్దుదామని కాదు, ఇంట్లో వదిలేస్తే మనసంతా వాటి మీదే ఉంటుందని.

మా వారి కారు పాతది. ఏసీ వేస్తే ఇంజను మూలుగుతుంది, వేయకపోతే మేం మూలుగుతాం. పొద్దున్నే బయలుదేరదామనుకున్నది ఇడ్లీలు, చుక్కలు, చెప్పుల వెతుకులాట అయ్యేసరికి ఎండెక్కింది. ఏలూరు దాటకుండానే అమ్మాయి పార్కులో బుద్ధుడి దగ్గర ఆపమంది. ఊళ్లో ఉన్నవాళ్లం, ఎప్పుడూ చూసేదే. అయినా మా వారు ఆపారు. అంత ఎత్తున ఆ ప్రశాంతమైన మొహం చూస్తే నాకు ఒళ్లు మండింది. బుద్ధుడికి దిద్దాల్సిన పేపర్లు లేవు.

హైవే మీద ఒక దాబా ముందు మేడంత టీ కెటిల్ ఉంది. దాని కొమ్ములోంచి పొగ కూడా వస్తోంది. అమ్మాయి తాతయ్యను చెయ్యి పట్టుకుని నడిపించింది. ఆయన కెటిల్‌ను చూడలేదు. దగ్గరికి వెళ్లి వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి విన్నారు.

'ఫైబరు' అన్నారు. 'డొల్లమ్మా. గట్టిగా గాలొస్తే పక్క ఊరికి పోతుంది.'

'ఎన్ని మార్కులు తాతయ్యా?'

'దానికి మార్కులెందుకు, టీ బాగుందేమో చూడు.'

టీ కూడా బాగాలేదు. మా వారు మాత్రం రెండు తాగారు. ఆయనకు ఏ ప్రయాణమైనా ఒక టీ కొట్టు నుంచి ఇంకో టీ కొట్టుకు పోవడమే.

గూడెం పొలిమేరలో నాన్నగారు చేసిన ఆంజనేయుడి దగ్గర ఆగేటప్పటికి నడినెత్తి ఎండ. ఇరవై అడుగుల విగ్రహం. నేను హైస్కూల్లో ఉండగా చేశారు. అప్పుడే మొదటిసారి ఆయన చూపు సంగతి నాకు సరిగ్గా అర్థమైంది. డాక్టరుగారు ఎంత చెప్పినా అర్థం కానిది అక్కడ తెలిసింది. ఆయనకు ఆంజనేయుడు కనబడటం లేదు. ఒక మోకాలు కనబడింది. కాసేపు దాన్ని చూశారు. 'మోకాలు బాగా వచ్చింది' అన్నారు. తర్వాత తల కొంచెం ఎత్తి నడుం, ఇంకా ఎత్తి ఛాతీ. 'గద ఏదమ్మా?' అంటే 'కుడి భుజం మీద' అన్నాను. గద కోసం గాలిలో వెతికి వెతికి, దొరికాక నవ్వారు. పెద్ద బొమ్మను గోరుముద్దల్లా కొంచెం కొంచెంగా తింటున్నట్టు చూశారాయన. అంతా అయ్యేసరికి అరగంట పట్టింది. జాలి పడాల్సినచోట నాకు చిరాకు వచ్చింది. ఎండలో గొడుగు పట్టుకుని నిలబడ్డ చెయ్యి లాగేస్తోంది మరి.

భీమవరం దారిలో అమ్మాయి శీలావతి కథ చెప్పమంది. ఎన్నిసార్లు విన్నా దానికి తనివి తీరదు. ముందు సీట్లో కూర్చున్న నాన్నగారు చెబుతుంటే, మరిచిపోయిన ముక్కలు వెనక నుంచి నేను అందించాను.

నేను డిగ్రీలో ఉన్నప్పటి మాట. మండవల్లి వైపు నుంచి ఒక చెరువుల ఆసామి షెడ్డుకు వచ్చారు. కొల్లేటి అంచున పెద్ద పెద్ద చేపల చెరువులు ఆయనవి. కలకత్తా వెళ్లే హడావుడిలో ఉన్నారు, నిలబడే మాట్లాడారు.

'శీలావతి బొమ్మ కావాలండీ. పదిహేను అడుగులు. మా గేటు పక్కన, రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనబడాలి.'

'అలాగేనండీ. మనిషి ఎలా ఉండాలండీ' అని నాన్నగారు అడగబోయేలోగా ఆయనే చెప్పుకుపోయారు.

'ఒళ్లు నిండుగా ఉండాలండీ. ఎర్రగా, నిగనిగలాడుతూ ఉండాలి. కళ్లు బాగా తెలియాలి. ఈ రోజున మా ఇంటిల్లిపాదీ నాలుగు వేళ్లూ నోట్లోకి పోతున్నాయంటే శీలావతి చలవేనండీ.'

నాన్నగారికి కళ్లు చెమర్చాయట. తల్లి మీద ఇంత ప్రేమ ఉన్న కొడుకును ఎక్కడా చూడలేదనుకున్నారు. పోయినావిడ గురించి గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదని ఊరుకున్నారు. 'ఫొటో ఏమైనా ఉందాండీ' అని మాత్రం అడిగారు.

'శీలావతికి ఫొటో ఎందుకండీ, మీకు తెలియంది కాదుగా' అని ఆ ఆసామి వెళ్లిపోయారు.

మా ఇంట్లో చేప వండరు. తాతల కాలం నుంచీ లేదు. గోదావరి జిల్లాలో పుట్టి పెరిగి, శీలావతి అంటే చెరువుల్లో పెంచే ఎర్రటి చేప అని తెలియని మనిషి ఉంటాడంటే ఎవరూ నమ్మరు గాని, మా నాన్నగారున్నారు. బజారులో చేపల వీధి వస్తే కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని అవతలి వీధిలోంచి పోయే మనిషికి ఏ చేపకు ఏ పేరో ఎలా తెలుస్తుంది?

ఆయన మండవల్లి వెళ్లి, చెరువు గట్టు మీద పాకలో నెలరోజులు ఉండి బొమ్మ చేశారు. జరీ అంచు చీర కట్టిన నిండైన ముత్తైదువ, రెండు చేతులూ జోడించి రోడ్డుకేసి నవ్వుతూ. పనివాళ్లు రోజూ చూస్తూనే ఉన్నారు. ఆసామి గారి తల్లేమో అని వాళ్లూ అనుకున్నారు. ఆ ఆసామి కలకత్తాలో జ్వరం తగిలి అక్కడే ఉండిపోయారు. తిరిగొచ్చి కారు దిగి, తల పైకెత్తి చూసి, చాలాసేపటికి అడిగారట.

'ఈవిడెవరండీ?'

'శీలావతి గారేనండీ. మీ అమ్మగారు.'

'మా అమ్మ పేరు అది కాదండీ. ఆవిడ లోపల మజ్జిగ చిలుకుతోంది.'

సంగతి తెలిశాక ఆయన గట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వారట. నాన్నగారు సిగ్గుతో చచ్చిపోయారు. బొమ్మ పగలగొట్టేస్తానన్నారు. అంత లక్షణమైన ఆవిణ్ని పగలగొడితే ఇంటికి మంచిది కాదని ఆసామి ఒప్పుకోలేదు. చివరికి జోడించిన చేతులు మాత్రం తీసేసి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదా ఒక పెద్ద చేపను పెట్టారు. ఆ చేప కోసం నాన్నగారు జీవితంలో మొదటిసారి చేపల బజారుకు వెళ్లి, కండువా ముక్కుకు బిగించి, టేపుతో శీలావతిని కొలిచారు. పొలుసు పొలుసూ వచ్చిందని పల్లెకారులు మెచ్చుకున్నారు.

కొన్నాళ్లకు అరచేతంత పెద్ద బొట్టు ఎవరు పెట్టారో, గాజులు ఎవరు వేశారో, ఆవిడ శీలావతమ్మ అయింది. చెరువులో చేపపిల్లలు వదిలేరోజున ముందు ఆవిడ కాళ్లకు పసుపు రాయాలి. బస్సులు కూడా శీలావతమ్మ దగ్గర ఆగడం మొదలైంది.

పూర్తయ్యాక అమ్మనూ నన్నూ తీసుకెళ్లి చూపించారు నాన్నగారు. నేను చూసీచూడగానే 'అచ్చం అమ్మే' అన్నాను. ఫొటో ఇవ్వకపోతే ఇంట్లో ఉన్న మొహమే పెట్టేశారని మా బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. నీచు వాసనకు కొంగు అడ్డం పెట్టుకుని అమ్మ చాలాసేపు నిలబడింది. పైకి చూసిందో లేదో నాకు గుర్తులేదు. ఒకటి మాత్రం గుర్తుంది. బురదలో కుచ్చిళ్లు పైకి ఎత్తుకోవలసింది పోయి, ఆవిడ రెండు చేతులతో కిందికి లాక్కుంది. చీరంతా పాడైంది. ఇంటికొచ్చాక ఉతికింది నేనే, విసుక్కున్నదీ నేనే.

ఆకివీడు దాటాక రొయ్యల మేత అమ్మే కొట్టు ముందు లారీ అంత రొయ్య ఉంది. మీసాలు కరెంటు తీగల ఎత్తున ఉన్నాయి. అమ్మాయి మళ్లీ ఆపించింది. నాన్నగారికి చుక్కల వేళైంది. కారు తలుపు తీసి, ఆయన తల వెనక్కి వాల్చి, రెప్ప పైకి లాగి పట్టుకున్నాను. దుమ్ము. లారీల హారన్లు. చుక్క చెంప మీద పడింది. మళ్లీ వేశాను.

'శీలావతి ఇంకెంత దూరం అమ్మా?' పొద్దున్నుంచీ అది ఏడోసారో ఎనిమిదోసారో.

'కదిలిపోయే బొమ్మ కాదుగా నాన్నా. అక్కడే ఉంటుంది. ఎక్కడికీ పోదు' అన్నాను. నా గొంతు నాకే బాగాలేదు.  ఆయన మండవల్లి దాకా మళ్లీ అడగలేదు. రొయ్య మీసం పట్టుకుని ఫొటోలు దిగుతున్న కూతుర్ని కేకేసి, ఇంకో బొమ్మ దగ్గర ఆపితే నడిచి ఇంటికి పోతానన్నాను.

మండవల్లి దగ్గరికి వస్తుంటే అటూ ఇటూ చెరువులు, మధ్యలో గట్లు, వాటి మీద కొంగలు. అలవాటు లేనివాళ్లకు అందంగా ఉంటుంది. నాకు తలనొప్పిగా ఉంది. దూరం నుంచే శీలావతి కనబడింది. ఆకుపచ్చ చీర, ఎర్ర జాకెట్టు, చేతుల్లో వెండిరంగు చేప. నా ఒంట్లో అలసటంతా ఒక్కసారి పోయింది. కారు పూర్తిగా ఆగకుండానే తలుపు తీసుకుని, ఫోను పట్టుకుని ముందుకు నడిచాను.

తల ఎత్తి చూస్తే అది అమ్మ కాదు.

చెవుల దాకా సాగిన కళ్లు, గులాబీ రంగు బుగ్గలు, సన్నటి ముక్కు, ముక్కుకు రాళ్ల నత్తు. చీరల కొట్లో నిలబెట్టే బొమ్మ మొహం. మెడ దగ్గర ఆ మొహానికీ పాత సిమెంటుకూ మధ్య ఒక గీత, దాని మీద లప్పం. ఇంకెవరిదో తల తెచ్చి తగిలించినట్టుంది.

గేటు పక్కన బడ్డీ కొట్టులో ఒకావిడ నిమ్మసోడాలు అమ్ముతోంది. రోజూ శీలావతమ్మ దగ్గర ఊడ్చి, దీపం పెట్టేది కూడా తనేనంది.

'మొహం ఏమైందండీ?' అన్నాను.

'పోయినేడు గాలివానకి బుగ్గ పెచ్చులూడిపోయిందండి. ముక్కు కూడా పోయింది. పెద్దాసామి గారు లేరు కదండీ ఇప్పుడు, వాళ్లబ్బాయిగారు ఫైబరు మొహం తెప్పించి బిగించారండి. కళగా ఉంది కదండీ?'

'పాతది ఏం చేశారు?'

'ముక్కలైపోయిందండి. గట్టు కోసుకుపోతుంటే అక్కడ పోశారు.'

ఆ తర్వాత నేనన్న మాటలు రాయడానికి సిగ్గుగా ఉంది. ఎవరిని అడిగి మార్చారన్నాను. ఎవరి మొహమో తెలుసా మీకు అన్నాను. గట్టులో పోస్తారా అన్నాను. పాపం, ఆవిడకేం తెలుసు. బిత్తరపోయి, సోడా సీసా చేత్తో పట్టుకుని, 'కూర్చోండమ్మా, ఎండలో వచ్చారు' అంది. మా వారు 'ఊరుకో, ఊరుకో' అంటూ నా వెనకే తిరిగారు. ఆరు నెలలు వాయిదా వేసింది నేను. అంతకు ముందు ఏళ్ల తరబడి బస్సులోంచి చూసి సరిపెట్టుకున్నదీ నేనే. ఆ కోపమంతా ఆ నిమ్మసోడా ఆవిడ మీద పడింది.

కారు దగ్గరికి తిరిగి వెళ్తూ అనుకున్నాను, ఆయనకు చెప్పకూడదని. ఇంత కింద నుంచి చూస్తే మొహం ఆయనకు రంగు ముద్దలా తప్ప కనబడదు. అలాగే ఉంది నాన్నా అంటే సరిపోతుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నా అరుపులు రోడ్డు అవతలికి వినబడ్డాయని మరిచిపోయాను.

'మొహం పోయిందా?' అన్నారు నాన్నగారు కారు దిగుతూనే.

'పోయింది నాన్నా.'

'పోనీలే. పద, కాళ్ల దగ్గరికి తీసుకెళ్లు.'

'పోనీలే ఏమిటి? అమ్మ మొహం అదొక్కటేగా మిగిలింది మనకి.' నాకు ఏడుపు వచ్చేసింది. ఇంత వయసొచ్చి రోడ్డు మీద, కన్న కూతురి ముందు.

ఆయన తడుముకుని నా చెయ్యి పట్టుకున్నారు.

'అది మీ అమ్మ మొహం కాదమ్మా.'

'మరెవరిది?'

'ఎవరిదీ కాదు. అమ్మవార్లందరికీ నేను పెట్టే మొహమే అది. చెయ్యి అలవాటు. నువ్వు చూడగానే అచ్చం అమ్మే అన్నావు. నీ మాట విని అందరూ అన్నారు. మీ అమ్మ కూడా ఏమీ అనలేదు. నేనూ కాదనలేకపోయాను.'

'ఇన్నేళ్లూ చెప్పలేదేం?'

'ఏం చెప్పమంటావమ్మా? పెడదామనే కూర్చున్నాను. గట్టు మీద పాకలో కూర్చుని కళ్లు మూసుకుంటే మొహం రాలేదు. నేనెప్పుడూ కింద కూర్చుని పని చేసుకునేవాణ్ని. ఆవిడ ఇసుక తట్ట తెచ్చి పక్కన పెట్టేది, మజ్జిగ తెచ్చి నిలబడేది. తల ఎత్తేవాణ్ని కాదు, సిమెంటు గట్టిపడిపోతుందని. నాకు కనబడేవి కాళ్లే.'

ఆ మాట చెప్పి, నా చెయ్యి వదిలేసి, రెండు చేతులూ ముందుకు చాచుకుంటూ ఆయనే నడిచారు. బొమ్మ కింది దిమ్మ తగిలేదాకా వెళ్లి మెల్లగా కూర్చున్నారు.

శీలావతి కాళ్లు ఆ దిమ్మ మీద, కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తున ఉన్నాయి. బొమ్మంతటికీ ఏటేటా రంగులు వేశారు గాని కాళ్లకు వేయలేదు. పసుపు రాసే కాళ్లకు ఎనామిల్ పూస్తే పసుపు పట్టదని ఆడవాళ్లు వేయనివ్వరట, సోడా ఆవిడే చెప్పింది. ముప్పై ఏళ్ల పసుపు కింద నాన్నగారి సిమెంటు ఎలా పెట్టింది అలాగే ఉంది. ఆయన వేళ్లు ఒక్కొక్క వేలినే లెక్క పెట్టుకుంటూ పోయాయి. మట్టెల దగ్గర ఆగాయి. ఎడమ కాలి చివరికి వెళ్లి అక్కడ నిలిచిపోయాయి.

'చిటికెన వేలు చూడు' అన్నారు.

వంగి చూశాను. చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి, కొస లోపలికి తిరిగి ఉంది. ఇసుక జల్లెడ కాలి మీద పడితే అమ్మకు విరిగిన వేలు అది. ఆసుపత్రికి పోకుండా గుడ్డముక్క కట్టుకుని తిరిగింది, అలాగే అతుక్కుపోయింది. చెప్పు ఎప్పుడూ ఆ వేలి దగ్గరే తెగేది. నేను పూర్తిగా మరిచిపోయాను. అమ్మ ఆ రోజు కుచ్చిళ్లు ఎందుకు కిందికి లాక్కుందో, బురదలో నిలబడి ఏం దాచుకుందో, ఇన్నేళ్లకు నాకు తెలిసింది. ఊరంతా మొహం చూస్తుంటే ఆవిడ ఒక్కతే కాళ్లు చూసింది.

నేను కూడా ఆ వేలు పట్టుకున్నాను. ఎండకు కాలిపోతోంది. వదలబుద్ధి కాలేదు.

నాన్నగారి చేతులు మోచేతుల దాకా పసుపు. కళ్లు కారుతున్నాయి. ఆ చేతులతో తుడుచుకోబోతే పట్టుకుని ఆపాను. పసుపు కంట్లో పడితే ఇంకేమైనా ఉందా. కొంగుతో నేనే తుడిచాను. ఆరు నెలలుగా రోజూ ఆ రెండు కళ్ల మీదికీ వంగుతూనే ఉన్నాను. రెప్ప, చుక్క, గడియారం. వాటి చుట్టూ ఒక మొహం ఉందని చూడలేదు. గడ్డం కింద చర్మం ఎంత వదులైపోయిందో, ఎడమ కనుబొమ్మలో ఒక్క నల్ల వెంట్రుక ఎలా మిగిలిపోయిందో అప్పుడు చూశాను. ఆయన ఎప్పుడూ అమ్మ మొహం చూడలేదంటే నాకు కోపం రాబోయి, మధ్యలోనే ఆగిపోయింది.

అమ్మాయి కొంచెం దూరంలో నిలబడి ఉంది. దాని ఫోనులో పొద్దున్నుంచీ తీసినవి చాలా ఉన్నాయి. బుద్ధుడి ముందు, కెటిల్ ముందు, ఆంజనేయుడి ముందు, రొయ్య ముందు. అన్నిట్లో తాతయ్య ఏ మూలో చీమంత.

'ఇలా రావే' అన్నాను. 'బొమ్మ రాకపోయినా ఫరవాలేదు. తాతయ్య మొహం తియ్యి. దగ్గరగా. తల తిప్పనివ్వకు.'

అది మోకాళ్ల మీద కూర్చుని ఫోను ఎత్తింది. నాన్నగారు పసుపు చేతులు ఒళ్లో పెట్టుకుని, గొంతు వినబడిన వైపల్లా తల తిప్పుతూ వెతుక్కున్నారు.

'ఎటు చూడమంటావమ్మా?' అన్నారు.

'నాకేసి చూడండి నాన్నా.'